వేగాన్ని బట్టి వెడల్పు: బృహద్ధమని కవాటం ఎంత బిగుసుకుందో ఎకో ఎలా తేలుస్తుంది?

గుండెకు అల్ట్రాసౌండ్‌తో చేసే పరీక్ష ఎకో. దాని రిపోర్టు చివర్లో ‘సివియర్ ఏఎస్’ అని ఒక మాట ఉంటుంది, అంటే తీవ్రమైన అయోర్టిక్ స్టెనోసిస్, బృహద్ధమని కవాటం బాగా బిగుసుకుపోవడం. దానికి పైన కొన్ని అంకెలు: వీమ్యాక్స్ (రక్తం గరిష్ఠ వేగం) 4.2, గ్రేడియంట్ (పీడన వ్యత్యాసం) 71/42, వాల్వు ఏరియా (కవాటం సందు వైశాల్యం) 0.8. ఇంట్లోవాళ్లు ఆ కాగితం పట్టుకుని అడిగేది ఒక్కటే: ఆపరేషన్ తప్పదా? చాలామంది చివరి మాట చదివి కంగారు పడతారు, లేదా ‘మోడరేట్’ (మధ్యస్థం) అని ఉంటే ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి ఆ మాట యంత్రం చూసి చెప్పినది కాదు. పైనున్న అంకెలను చదివి, అవి ఒకదానితో ఒకటి కుదురుతున్నాయో లేదో ఆలోచించి, ఒక మనిషి ఇచ్చిన తీర్పు అది. కవాటం సందు ఎంతుందో మామూలు ఎకో నేరుగా కొలవదు. ఆ సందులోంచి రక్తం ఎంత వేగంగా దూసుకొస్తోందో కొలిచి, అక్కడి నుంచి వెనక్కి లెక్క కడుతుంది. ఆ లెక్కలో పొరపాట్లు ఎక్కడ దూరతాయో తెలిస్తే రిపోర్టు వేరుగా కనిపిస్తుంది.

ముందు కవాటం సంగతి. గుండె ఎడమ జఠరిక నుంచి ఒళ్లంతటికీ రక్తం వెళ్లే పెద్ద ధమని మొదట్లో మూడు రేకుల తలుపు ఉంటుంది. అదే బృహద్ధమని కవాటం, డాక్టర్ల మాటలో అయోర్టిక్ వాల్వు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది దాదాపు రూపాయి నాణెమంత తెరుచుకుంటుంది, అంటే 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు. వయసు మీద పడ్డాక రేకుల్లో క్యాల్షియం పేరుకుని అవి రాయిలా బిగుసుకుంటాయి. నూటికి ఒకరిద్దరిలో పుట్టుకతోనే మూడు రేకులకు బదులు రెండే ఉంటాయి. వాళ్లకు ఈ బాధ పది ఇరవై ఏళ్లు ముందే వస్తుంది. మన దేశంలో చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం మిగిల్చిన కవాటాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. అలాంటివాళ్లలో సాధారణంగా మైట్రల్ వాల్వు, అంటే ఎడమ జఠరికలోకి రక్తం వచ్చే దారిలోని తలుపు కూడా దెబ్బతిని ఉంటుంది. కారణం ఏదైనా, సందు ఒక చదరపు సెంటీమీటరుకు, అంటే సుమారు చొక్కా గుండీ అంతకు తగ్గితే దాన్ని తీవ్రమైన సంకోచం అంటారు.

తీవ్రత ఇంత కచ్చితంగా తేలాల్సిన అవసరం ఎందుకంటే, ఈ కవాటాన్ని తెరిచే మందు లేదు. మాత్రలతో రక్తపోటు తగ్గించవచ్చు, ఒంట్లో నీరు తీయవచ్చు, కవాటాన్ని మాత్రం మార్చాల్సిందే. ఛాతీ తెరిచి చేసే శస్త్రచికిత్స ఒక దారి. 2002లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో ఆలాన్ క్రిబియే మొదటిసారి మనిషికి చేసి చూపిన, గొట్టం ద్వారా కొత్త కవాటాన్ని లోపలికి పంపే పద్ధతి రెండోది. దాన్నే ఇప్పుడు టావీ అంటున్నారు. ఇటు చూస్తే, లక్షణాలు మొదలయ్యాక ఆలస్యం చేయడం ప్రమాదం. 1968లో రాస్, బ్రాన్‌వాల్డ్ అనే వైద్యులు గీసిన గ్రాఫు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది: ఆపరేషన్ లేకుంటే సగటు ఆయుష్షు ఛాతీ నొప్పి మొదలైతే సుమారు 5 ఏళ్లు, స్పృహ తప్పితే 3, గుండె వైఫల్యం వస్తే 2. అటు చూస్తే, మధ్యస్థంగా ఉన్న కవాటాన్ని తొందరపడి మార్చినా నష్టమే. కాబట్టి భారమంతా కొలత మీద పడుతుంది.

ఆ కొలతకు ఆధారం పొలం గట్టున నిలబడితే కనిపించేదే. కాలువ వెడల్పుగా ఉన్నచోట నీరు నిదానంగా సాగుతుంది. వంతెన కింద ఇరుకు కాగానే అదే నీరు ఉరుకుతుంది. ఎంత ఇరుకైతే అంత ఉరుకు. రక్తమూ అంతే. మామూలు కవాటంలోంచి సెకనుకు మీటరు, మీటరున్నర వేగంతో సాఫీగా వెళ్లేది, బిగుసుకున్న కవాటంలోంచి నాలుగైదు మీటర్ల వేగంతో చిమ్ముతుంది. ఆ వేగాన్ని పట్టేది డాప్లర్ సూత్రం. కదిలే వస్తువు నుంచి వచ్చే తరంగం పౌనఃపున్యం మారుతుందని క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రాగ్‌లో చెప్పినప్పుడు ఆయన మనసులో ఉన్నవి నక్షత్రాల రంగులు. మూడేళ్ల తర్వాత నెదర్లాండ్స్‌లో రైలు మీద బాకాలు ఊదించి దాన్ని ధ్వనితో పరీక్షించారు. గుండెకు వచ్చేసరికి ఆ బాకా ఊదేవి ఎర్ర రక్తకణాలు.

వేగం నుంచి పీడనానికి వెళ్లడానికి ఒక చిన్న సూత్రం చాలు: వేగాన్ని వర్గం చేసి నాలుగుతో గుణించాలి. సెకనుకు 2 మీటర్లయితే కవాటానికి అటూ ఇటూ పీడన వ్యత్యాసం 16 మిల్లీమీటర్ల పాదరసం. 3 అయితే 36, 4 అయితే 64, 5 అయితే 100. రిపోర్టులో 71/42 అని ఉన్నదాంట్లో 71 ఇలా వచ్చిన గరిష్ఠ వ్యత్యాసం. 42 మాత్రం జఠరిక రక్తం నెట్టినంతసేపూ ఉన్న వ్యత్యాసాల సగటు. తీవ్రతను తేల్చడానికి ఈ సగటునే ఎక్కువగా నమ్ముతారు. 1738లో అచ్చయిన డేనియల్ బెర్నూలీ గ్రంథానికి, పడక పక్కన ఉండే ఎకో యంత్రానికి మధ్య ఉన్న బంధం ఈ ‘నాలుగు’.

ఇది తేలిగ్గా నమ్మించిన విషయం కాదు. 1951లో రిచర్డ్ గోర్లిన్, ఇంజనీరైన తన తండ్రితో కలిసి కవాటం వైశాల్యానికి సూత్రం కట్టినప్పటి నుంచి దశాబ్దాల పాటు ప్రమాణం క్యాథెటరే. గొట్టాన్ని గుండెలోకి దూర్చి కవాటానికి ఇరువైపులా పీడనం కొలిచేవారు. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ తొలిసారి అల్ట్రాసౌండ్‌తో గుండె కదలికను నమోదు చేసినా, అది కవాటం కదలడం చూపించిందే తప్ప పీడనం చెప్పలేదు. 1970ల చివర్లో నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో లివ్ హాట్లే అనే వైద్యురాలు, బ్యోర్న్ ఆంగెల్సెన్ అనే ఇంజనీరు, వాళ్ల సహచరులు డాప్లర్ వేగాలతో పీడనాన్ని లెక్కించి క్యాథెటర్ కొలతలతో పోల్చి చూపించారు. అప్పటి నుంచి గొట్టం పని తగ్గుతూ వచ్చింది. బిగుసుకున్న కవాటంలోంచి గొట్టం దూరిస్తే క్యాల్షియం రేణువులు రాలి మెదడుకు చేరే ప్రమాదం ఉంది. అందుకే ఎకోతో తేలకపోతే తప్ప ఇప్పుడు ఆ పని చేయరు.

ఇక గదిలోకి వెళ్దాం. లైట్లు తగ్గించిన చిన్న గది. ఎడమవైపు ఒత్తిగిల్లి పడుకోమంటారు. చల్లటి జెల్లు రాసి, పక్కటెముకల మధ్య ప్రోబు, అంటే అల్ట్రాసౌండ్‌ను పంపి తిరిగొచ్చేదాన్ని పట్టే చేతి పరికరం ఆనిస్తారు. తెర మీద గుండె కొట్టుకుంటుంది. రేకులు తెల్లగా, మందంగా, కదిలీ కదలకుండా ఉంటే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. తర్వాత ప్రోబును గుండె కొన దగ్గరికి జరుపుతారు. గది ఒక్కసారి ‘షుఫ్... షుఫ్...’ అనే ధ్వనితో నిండుతుంది. తెర మీద కత్తి ఆకారంలో వరుసగా బొమ్మలు పడతాయి. ఒక్కో కత్తి ఒక్కో గుండె కొట్టుకోవడం, దాని మొన గరిష్ఠ వేగం. చాలాచోట్ల పరీక్ష ఇక్కడితో ముగుస్తుంది. శ్రద్ధగా చేసేవారు ఇంకో పని చేస్తారు. కుడివైపుకు తిరగమని, పెన్సిలంత సన్నటి మరో ప్రోబు తీసి ఛాతీ ఎముకకు కుడి పక్కన పెడతారు. ఆ ప్రోబులో గుండె బొమ్మ రాదు, శబ్దమూ ఆ కత్తి గీతలూ మాత్రమే. చెవితో వెతకాలి. శబ్దం గరగరలాడుతున్నంతసేపు కొద్దికొద్దిగా వంచుతూ, అది సన్నగా, ఈలలా స్పష్టంగా మారిన చోట చేయి ఆపుతారు. మెడ కింది గుంట నుంచి కూడా ఒకసారి వింటారు. వీటన్నిటిలో ఎక్కడ ఎక్కువ వేగం దొరికితే దాన్నే రాస్తారు.

ఇంత శ్రమ ఎందుకంటే కోణం. రక్తం చిమ్మే దిశకు అల్ట్రాసౌండ్ కిరణం సమాంతరంగా ఉంటేనే అసలు వేగం తెలుస్తుంది. పక్కకు జరిగితే తగ్గి కనిపిస్తుంది. 20 డిగ్రీలు తప్పితే ఆరు శాతం పోతుంది, పట్టించుకోనక్కర్లేదు. 30 డిగ్రీలు తప్పితే 4.5 మీటర్ల వేగం 3.9గా పడుతుంది. పీడనానికి వచ్చేసరికి వేగం వర్గమవుతుంది కనుక 81 ఉండాల్సింది 61 అవుతుంది. తీవ్రమైన జబ్బు ఒక్క దెబ్బతో ‘మోడరేట్’లోకి జారిపోయింది. బిగుసుకున్న కవాటంలోంచి రక్తం ఏ పక్కకు చిమ్ముతుందో బయటి నుంచి చెప్పలేం. ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లలో ధమని వంపు తిరిగి, కుడి పక్క నుంచి వింటే తప్ప అసలు వేగం దొరకనివాళ్లు చాలామంది ఉంటారు. రోజుకు నలభై యాభై ఎకోలు చేసే చోట ఆ పెన్సిల్ ప్రోబు సొరుగులోనే ఉండిపోవడం అర్థం చేసుకోదగ్గదే కానీ, క్షమించదగ్గది కాదు. ఛాతీ మీద ఏ చోటు నుంచి ఎంత వేగం దొరికిందో రాయని రిపోర్టును సగం రిపోర్టుగానే చూడాలి.

కోణం తప్పితే వేగం తగ్గడమే కానీ పెరగడం ఉండదు. అయినా ఎక్కువ చూపించే పొరపాట్లు లేకపోలేదు. మైట్రల్ వాల్వు లీకవుతుంటే ఆ ధార కూడా గుండె కొన నుంచి చూసినప్పుడు అదే దిశలో, ఇంకా ఎక్కువ వేగంతో పోతుంది. దాన్ని బృహద్ధమని ధార అనుకుంటే కొలత అమాంతం పెరుగుతుంది. తేడా సమయంలో ఉంది: మైట్రల్ లీకు ముందుగా మొదలై ఆలస్యంగా ఆగుతుంది. కత్తి బొమ్మ అంచున వెంట్రుకల్లా పలచగా మసక ఉంటుంది. దాన్ని కలిపి గీస్తే కూడా వేగం పెరుగుతుంది. చిక్కటి అంచు వరకే గీయాలి. గుండె లయ తప్పి మధ్యలో ఒక అదనపు స్పందన వస్తే, దాని తర్వాతి స్పందన బలంగా ఉంటుంది. దాన్ని కొలవకూడదు. లయ సరిగా ఉంటే మూడు స్పందనల సగటు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (లయ అడ్డదిడ్డంగా ఉండే జబ్బు) ఉంటే కనీసం అయిదింటి సగటు తీసుకోవాలి. అన్నిటికన్నా పెద్దదాన్ని ఏరుకోవడం తగదు.

వేగం ఒక్కటే చాలదా? చాలదు. వేగం రెండిటి మీద ఆధారపడుతుంది: సందు ఎంత ఇరుకు, నెట్టే రక్తం ఎంత. ఎండాకాలం కాలువలో నీరు తక్కువగా ఉంటే వంతెన ఎంత ఇరుకైనా ఉరుకు ఉండదు. అందుకే వైశాల్యం లెక్కించాలి. సూత్రం మళ్లీ కాలువదే: ఇరుకుకు ముందు వెళ్లిన నీరే ఇరుకులోంచీ వెళ్లాలి, మధ్యలో ఎక్కడికీ పోదు. కవాటానికి కాస్త కింద జఠరికలోంచి రక్తం బయటికి వచ్చే దారి ఉంది, రిపోర్టుల్లో ఎల్‌వీఓటీ అని రాస్తారు. అక్కడి వైశాల్యాన్ని, ఒక స్పందనలో అక్కడ రక్తం ప్రయాణించిన దూరంతో గుణించి, కవాటంలో ప్రయాణించిన దూరంతో భాగిస్తే కవాటం వైశాల్యం వస్తుంది. లెక్క కోసం ఒకావిడ ఉన్నారనుకుందాం. ఆ దారి వ్యాసం 2.0 సెంటీమీటర్లు, వైశాల్యం 3.14. కింద దూరం 20 సెంటీమీటర్లు, కవాటంలో 65. వచ్చేది 0.97 చదరపు సెంటీమీటర్లు. గీతకు ఇవతల, తీవ్రం.

ఇప్పుడు అదే వ్యాసాన్ని 2.2గా కొలిచారనుకోండి. వైశాల్యం 1.17, మోడరేట్. తేడా అంతా తెర మీద రెండు చుక్కల మధ్య రెండు మిల్లీమీటర్లు. ఈ పరీక్ష మొత్తంలో అతి బలహీనమైన కొలత ఇదే. వ్యాసం వర్గమవుతుంది కనుక పొరపాటూ రెట్టింపవుతుంది. పైగా ఆ దారి గుండ్రంగా ఉంటుందని లెక్క అనుకుంటుంది. సీటీలో చూస్తే అది చాలామందిలో కోడిగుడ్డు ఆకారం, ఎకో కొలిచేది పొట్టి వ్యాసాన్ని. అంటే వైశాల్యం కాస్త తక్కువగా వచ్చే మొగ్గు ఈ పద్ధతిలోనే ఉంది. దీన్ని తప్పించుకునే దారి కూడా ఉంది: వ్యాసం జోలికి పోకుండా రెండు దూరాల నిష్పత్తి చూడటం. 20ని 65తో భాగిస్తే 0.31. ఇది 0.25 కంటే తక్కువైతే తీవ్రం. పై ఉదాహరణలోని ఆవిడ వైశాల్యం ప్రకారం గీతకు ఇవతల, నిష్పత్తి ప్రకారం అవతల.

గీతలు ఇవి: గరిష్ఠ వేగం సెకనుకు 4 మీటర్లు, సగటు వ్యత్యాసం 40 మిల్లీమీటర్లు, వైశాల్యం 1.0 చదరపు సెంటీమీటరు. మొదటి రెండూ దాటితే లేదా మూడోది తగ్గితే తీవ్రం. 3 నుంచి 4 మీటర్ల మధ్య వేగం మధ్యస్థం, 2 నుంచి 3 తేలిక, 5 దాటితే అతి తీవ్రం. మూడూ ఒకే మాట చెబితే తలనొప్పి లేదు. మొదట్లో చెప్పిన 4.2, 42, 0.8 అలాంటి రిపోర్టే. చిక్కల్లా వేగం 3.4 ఉండి వైశాల్యం 0.8 వచ్చినప్పుడు. ఈ చిక్కులో కొంత మనం చేతులారా తెచ్చుకున్నదే: గీతలే ఒకదానికొకటి సరిపోవు. రక్తప్రవాహం మామూలుగా ఉన్న మనిషిలో సగటు వ్యత్యాసం 40 కావాలంటే వైశాల్యం 0.8 దగ్గరికి తగ్గాలి. 1.0 దగ్గర 40 రాదు. కాబట్టి ‘వైశాల్యం తీవ్రం, వేగం మధ్యస్థం’ అన్న మాట ప్రతిసారీ జబ్బు దాగి ఉన్నట్టు కాదు.

కొన్నిసార్లు మాత్రం నిజంగానే దాగి ఉంటుంది. గుండె కండరం నీరసించి, ఈఎఫ్ (జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు నూటికి ఎంత బయటికి వెళ్తుందో చెప్పే అంకె) 50 కంటే తగ్గినప్పుడు జఠరిక రక్తాన్ని గట్టిగా నెట్టలేదు. కవాటం రాయిలా ఉన్నా వేగం పుట్టదు. దీనికి తిరకాసు రూపం కూడా ఉంది: కవాటం మధ్యస్థంగానే బిగుసుకుంది, కానీ నీరసమైన గుండె దాన్ని పూర్తిగా తెరవలేకపోతోంది. తలుపు జామైందా, తోసేవాడికి బలం లేదా? తేల్చడానికి తోసేవాడికి కాస్త బలమిచ్చి చూస్తారు. డోబుటమైన్ అనే మందును సన్నటి ధారగా ఎక్కిస్తూ, నిమిషానికి కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకుండా, మళ్లీ మళ్లీ కొలుస్తారు. ప్రవాహం పెరిగి, వేగం 4 దాటి, వైశాల్యం ఒకటికి లోపలే ఉండిపోతే కవాటమే దోషి. వైశాల్యం ఒకటి దాటి తెరుచుకుంటే దోషం కండరానిది. మందు ఇచ్చినా ఒక్కో స్పందనలో వచ్చే రక్తం 20 శాతమైనా పెరగకపోతే ఈ పరీక్ష ఏమీ చెప్పలేదు. ఆ గుండెకు ఆపరేషన్ ప్రమాదం కూడా ఎక్కువని మాత్రం చెబుతుంది.

ఇంకా మోసపుచ్చేది మరో రకం. ఈఎఫ్ 65, చూడటానికి గుండె భేషుగ్గా ఉంది. ఏళ్ల తరబడి రక్తపోటు ఉన్న పెద్దావిడ. జఠరిక గోడలు మందమై లోపలి గది చిన్నదైపోయింది. చిన్న చెంబును పూర్తిగా ఒంపినా వచ్చే నీళ్లెన్ని? ఎత్తు, బరువుల నుంచి లెక్కించే శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు, ఒక స్పందనలో 35 మిల్లీలీటర్ల కంటే తక్కువ రక్తం వస్తుంటే దాన్ని తక్కువ ప్రవాహం అంటారు. 2007లో కెనడాలోని క్యుబెక్ బృందం దీన్ని విడదీసి చూపేవరకు ఇలాంటివాళ్లను ‘ఈఎఫ్ బాగుంది, వేగం తక్కువ, కాబట్టి మధ్యస్థమే’ అని పంపేసేవారు. ఇక్కడ ఎకో ఒంటరిగా తేల్చలేదు. సీటీ సాయం పడుతుంది: రంగు మందు కూడా అక్కర్లేదు, కవాటంలో ఎంత క్యాల్షియం ఉందో లెక్కిస్తారు. ఆడవారిలో 1200, మగవారిలో 2000 యూనిట్లు దాటితే తీవ్రమనే మొగ్గు. ఆడవారిలో తక్కువ క్యాల్షియంతోనే కవాటం బిగుసుకుంటుంది కనుక గీతలు వేరు. రుమాటిక్ కవాటంలో మాత్రం ఈ లెక్క పనికిరాదు. అక్కడ రేకులు అంటుకుపోవడం వల్ల సందు తగ్గుతుంది, క్యాల్షియం వల్ల కాదు.

ఒక చిన్న సంగతి చాలా రిపోర్టుల్లో కనబడదు: పరీక్ష వేళ రక్తపోటు. ఆసుపత్రి మెట్లెక్కి, గంటసేపు వరుసలో కూర్చుని, భయంతో పడక మీద పడుకున్న మనిషికి 180 ఉంటే ఆశ్చర్యం లేదు. అంత పోటుకు ఎదురుగా గుండె నెట్టాలి కనుక ప్రవాహం తగ్గి, వేగమూ తగ్గి కనిపించవచ్చు. పై అంకె 140 లోపలికి వచ్చాక మళ్లీ కొలిస్తే సంగతి మారవచ్చు. పట్టీ కట్టి చూడటానికి ఒక్క నిమిషం చాలు.

తెలుగువారికి, ఆ మాటకొస్తే భారతీయులందరికీ, ప్రత్యేకంగా పట్టించుకోవాల్సినది ఒళ్లు. ఒక చదరపు సెంటీమీటరు అన్న గీత అమెరికా, యూరప్ మనుషుల కొలతల మీద నిలిచింది. నాలుగున్నర, అయిదడుగుల ఎత్తు, 45 కిలోల బరువున్న మన ఊరి అవ్వకు గుండె చిన్నది, ప్రవాహం చిన్నది, అవసరమైన తలుపూ చిన్నదే. అందుకే వైశాల్యాన్ని శరీర వైశాల్యంతో భాగించి చూడాలి. చదరపు మీటరుకు 0.6 కంటే తగ్గితేనే తీవ్రం. ఉదాహరణలోని ఆవిడ శరీర వైశాల్యం 1.5 చదరపు మీటర్లు అనుకుంటే 0.97ను భాగించగా 0.65 వస్తుంది. ఒక స్పందనకు 63 మిల్లీలీటర్ల రక్తం, చదరపు మీటరుకు 42, ప్రవాహం మామూలే. నిష్పత్తి 0.31, వేగం 3.1. మూడు అంకెలు మధ్యస్థమంటుంటే ఒక్క ముడి వైశాల్యం మాత్రమే తీవ్రమంటోంది. ఆ ఒక్కదాన్ని పట్టుకుని ఆవిడను ఆపరేషన్‌కు పంపితే తప్పు కవాటానిది కాదు. దీనికి వ్యతిరేకం కూడా ఉంది: బాగా లావుగా ఉన్నవాళ్లలో కొవ్వు వల్ల శరీర వైశాల్యం పెరిగి, ఈ భాగహారం లేని తీవ్రతను పుట్టిస్తుంది. సూత్రాన్ని మనిషిని చూడకుండా వాడకూడదు.

మధ్యస్థంగా ఉన్నవారికి ఏడాది, రెండేళ్లకోసారి, లక్షణాల్లేకుండా తీవ్రంగా ఉన్నవారికి ఆరు నెలల నుంచి ఏడాదికోసారి ఎకో చేస్తారు. వేగం ఏడాదికి సగటున 0.3 మీటర్లు పెరుగుతుంది, కొందరిలో ఇంకా తొందరగా, కొందరిలో ఏళ్ల తరబడి కదలకుండా. అందుకే పాత రిపోర్టులు పారేయకుండా తీసుకెళ్లాలి. అదే ఆవిడ రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే ఎలా ఉంటుందో చూడండి. నిరుడు వైశాల్యం 1.07, మోడరేట్. ఈ ఏడాది 0.87, సివియర్. ఏడాదిలో ఇంత బిగుసుకుందా అని ఇల్లంతా హడలిపోతుంది. కాస్త పైకి చూపు తిప్పితే వేగం నిరుడూ 3.1, ఇప్పుడూ 3.1. నిష్పత్తి రెండుసార్లూ 0.31. ఎల్‌వీఓటీ వ్యాసం నిరుడు 2.1, ఈసారి 1.9. పెద్దవాళ్లలో ఆ దారి ఏడాదిలో రెండు మిల్లీమీటర్లు కుంచించుకుపోదు. మారింది తెర మీద చుక్కలు పెట్టిన చేయి.